చుక్కకి ముందు

రూసె రేవులో గోధుమల కాటా.
దాన్యూబ్ మీద పొగమంచు,
కాటా గదిలో పాత కంప్యూటర్, అందులో నేను రాసిన పాస్కల్.
పద్ధెనిమిది నెలలు నోరెత్తకుండా తూచింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
పళ్ళెం మీద పేరుకున్న మంచు పెళ్ళ ఊడిపడి
బరువు సున్నాకి కిందికి దిగింది.
బరువు చదివే చిన్న ఫంక్షన్‌లో, ఎప్పుడో నిద్రమత్తులో,
ఇలాంటిది జరగదులే అనుకుంటూనే
ఒక్క మాట రాసి ఉంచాను: హాల్ట్.

జరిగింది.
ఫైలు మూసే వరుస దాకా ఎవరూ వెళ్ళనే లేదు.
బఫర్‌లో తడి ఆరని ఏడు లారీల తూకం
ఎటు పోయిందో ఏటికే తెలియాలి.
గేటు దగ్గర హారన్లు.
క్రుమ్ అనే డ్రైవరు దిగొచ్చి
"నా గోధుమలు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

ఎవ్లోగి మాస్టారికి ఫోన్ చేశాను,
సెమీకోలన్ ఎక్కడ పెట్టకూడదో నాకు నేర్పినాయన.
పైజామా మీదే కోటు తొడుక్కుని వచ్చాడు.
కాగితాలన్నీ తిరగేసి, ఒకచోట వేలు ఆపి,
"ఎవరు పిలిచారు?" అన్నాడు.
"నేనే కదా మాస్టారూ, ఫోన్ చేసి..."
"నన్ను కాదు. దీన్ని."

"చదివి రమ్మని పంపారు. చదవలేకపోయింది, తప్పు లేదు.
కుదర్లేదని వెనక్కొచ్చి చెప్పాలిగా!
చెప్పాపెట్టకుండా కొంపకే నిప్పెడుతుందా?"

హాల్ట్ కొట్టేసి ఎగ్జిట్ రాశాడు,
దాని పై వరుసలో, ఫలితానికి ఫాల్స్.
"ముందు జవాబు, తర్వాత గడప.
జవాబివ్వకుండా దాటితే
అక్కడ పడున్న చెత్తే నీ మాటగా చెల్లుతుంది."
అర్థమైందా అన్నాడు. తల అడ్డంగా ఊపాను.
మా ఊళ్ళో అది అవునని.

నిజానికి ఎగ్జిట్ కూడా ఆయనకి గిట్టదు.
ఒక బిగిన్, ఒక ఎండ్, ఒకే తలుపు;
మధ్యలో కిటికీ దూకినవాళ్ళకి మార్కులు కోసేవాడు.
ఆ రాత్రి ఏమీ అనలేదు.

టీ పోస్తూ అడిగాను:
"అన్నిటికన్నా బయటి బ్లాకులో ఎగ్జిట్ అంటే, మాస్టారూ?"
"అక్కడ పిలిచినవాడు ఉండడు.
రెండు మాటలూ ఒకటే."
కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. ఒకటి తక్కువైంది.

క్రుమ్ లారీ మళ్ళీ కాటా ఎక్కింది.
ఇరవై రెండు టన్నులు. ట్రూ.
తెల్లారాక బయటికొచ్చి చూశాను,
మంచులో ఆయన అడుగులు
ఏటి వైపు కాదు, ఊరి వైపే.
ఎందుకు చూశానో
ఇప్పటికీ చెప్పలేను.