పుల్లపెరుగు

మొయ్నాక్‌లో గాలికి ఉప్పంటుకుని ఉంటుంది.
సముద్రం వెళ్ళిపోయింది గానీ
దాని ఉప్పు మాత్రం ఇంటింటికీ తిరుగుతోంది,
అప్పు వసూలుకొచ్చినవాడిలా.

నుకుస్ వెళ్ళి జుట్టుకు రంగేయించుకొచ్చాను.
రాగితీగ రంగన్నారు.
నెల తిరక్కుండానే రంగు పోయి తీగే మిగిలింది.
దువ్వెన పెడితే పుటుక్కుమంటోంది.

జివార్ పెద్దమ్మ ఏమీ అనలేదు.
మూడు రోజుల నాటి పెరుగు గిన్నెతో తెచ్చి
నన్ను గుమ్మంలో కూచోబెట్టింది.
మాడు మీంచి మెడ మీదికి, చల్లగా.
"కదలకు."
పిల్లి వచ్చి నా భుజం నాకింది.
ముందు నవ్వింది ఆమే.

చేపల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు
పొలుసులు గీకిన వేళ్ళు అవి.
ఒక్కో చిక్కూ
ముల్లు తీసినంత నెమ్మదిగా తీశాయి.
కొసలు మాత్రం కత్తిరించి పారేసింది.
"ఇవి పోయినవే. పోయినవాటికి పెరుగు దండగ."

ట్యాంకరు నీళ్ళు రెండు చెంబులు.
ఒకటి నా తల మీద ఒంపింది.
రెండోది పట్టుకుని
చాలాసేపు వీధి వైపు చూసింది.

తర్వాత తలగుడ్డ విప్పింది.
ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడని జుట్టు,
పలచగా, తెల్లగా, నడుం దాకా.

గిన్నె అడుగున ఇంకా కొంచెం ఉంది.
"చెయ్యి కడుక్కుని రా," అంది.