గుండు, బద్ద

"ఇంగ్లీషు దొరొచ్చినాడండి" అన్నాను
ఫోన్లో సేటుకి.
పలాస పప్పు నములుతున్నవాడు
ఆ ఒక్క మాటా పట్టుకుని
"ఇంగ్లీషు కాదు, వేల్స్" అన్నాడు,
గుండునీ బద్దనీ వేరుచేసినట్టు.

బడిలో వాళ్ల ముత్తాత మెడకి
చెక్కముక్క కట్టారట,
ఇంటి మాట నోరు జారినందుకు.

నాకెవరూ చెక్క కట్టలేదు.
"ఏటి" అన్నానని
"ఏమిటి" వందసార్లు రాయించారు, అంతే.
ఇప్పటికీ బెజవాడ ఫోనొస్తే
గొంతు సవరించుకుంటాను.

పిక్కలు కొడుతున్న సుక్కురమ్మ,
మందస కొండమీది మనిషి,
జీడి కాల్చిన వేళ్లు ఆపకుండానే
సవరలో ఏదో అంది.
అతను అచ్చంగా అలాగే అన్నాడు.
షెడ్డంతా ఒకటే నవ్వు.

"ఏటన్నావే?" అడిగాను.

"నీకెందుకు,
తెలుగు దొరా!"