ఎదురుచూపుకు గడి లేదు

పటంలో బంజరు అని రాసి ఉన్న చోట
మోకాలెత్తు గడ్డిలో కూర్చుని
ఆవుల్ని చూడటం నా ఉద్యోగం.
హెసరఘట్ట, పొద్దున ఆరున్నర నుంచి.
పన్నెండు ఆవులు, పది నిమిషాలకోసారి
ఒక్కోదానికి ఒక్కో అక్షరం.
మే అంటే మేత, నె అంటే నెమరు,
ని అంటే నిలబడింది, ప అంటే పడుకుంది.
దూడను నాకుతుంటే ఏం రాయాలో
సారు చెప్పలేదు. నేనూ అడగలేదు.

తొమ్మిదింటికి లగేజీ ఆటోలో తొట్లు వస్తాయి.
చెవికి పసుపు బిళ్ల ఉన్న ఆరు ఆవులకే
వేరుశనగ చెక్క, తవుడు, గుప్పెడు ఉప్పు.
మిగతా ఆరూ తాడుకి అవతల
ముక్కుపుటాలతో తింటాయి.

చెక్క పడితే పొట్టలో పొయ్యి రాజుకుని
ఎండు కాడ కూడా అరుగుతుందనీ
ఇంకా ఎక్కువ మేస్తాయనీ సారు నమ్మకం.
చౌడప్పకి నమ్మకాల్లేవు, ఆవులున్నాయి.
నలభై ఏళ్ల బెంగళూరుకి కూడా
అతని బాగేపల్లి మాట అంచు అరగలేదు.
"రాసుకో లెక్కలమ్మా,
తొట్టి తిన్నది గడ్డిని ఏరుకుంటాది,
తిననిది గడ్డిని అడుక్కుంటాది."
రాసుకోలేదు.
రెండింటికీ నా దగ్గర ఉన్నది ఒక్క మే.

నిజమే కానీ. పసుపు బిళ్లలు పదిన్నరకే పడుకుంటాయి.
లేచాక కుదురు కుదురుకీ మధ్య దూరి
లేత గరిక కొసలు మాత్రం తుంచుతాయి,
పెళ్లిభోజనంలో జీడిపప్పు వెతికినట్టు.
బిళ్ల లేనివి తల ఎత్తవు.
నాలుక చుట్టి, లాగి, పరక్ మని తెంపి
నిమిషానికి యాభై నాలుగు కొరుకుళ్లు.
నమిలేది అవి, లెక్కపెట్టి నోరెండేది నాకు.

ఆ శుక్రవారం తొట్లు రాలేదు.
చిక్కబాణావర రైలుగేటు దగ్గర ఆటో ఇరుక్కుంది.
ఫోన్ చేస్తే ఐదే నిమిషాలన్నాడు,
ఏ ఐదో చెప్పలేదు.
ఆరు ఆవులూ కంచె దగ్గరికి వచ్చి
రోడ్డువైపు మొహం పెట్టి ఆగిపోయాయి.
తొమ్మిదీ పది, ని. తొమ్మిదీ ఇరవై, ని.
బండి చప్పుడైతే పన్నెండు చెవులు ఒకేసారి తిరిగేవి,
పాలవాడి బండి, సిమెంటు లారీ,
వెనక్కి తిరిగేవి.
కడుపు కింద గడ్డి పొదుగులకి తగులుతోంది,
మంచు ఆరి, ఎండ ఎక్కి,
వంగితే చాలు.
ని, ని, ని.
కాగితం నిండా ఒకే అక్షరం.
కాళ్లతో నిలబడటం వేరు, కళ్లతో నిలబడటం వేరు,
దానికి గడి గీయలేదు ఎవరూ.

పదకొండూ నలభైకి ముసలిది, బూడిది,
ముప్ఫై ఒకటో నంబరు,
పెద్దగా ఊపిరి వదిలి తల దించింది.
ముందు వాసన చూసింది.
తర్వాత ఒక పరక. తర్వాత నోటినిండా.
పక్కది దాన్ని చూసింది. దాని పక్కది దీన్ని.
చౌడప్ప బీడీ ఆర్పేసి,
"అమ్మయ్య, గ్యాపకం వచ్చినాది" అన్నాడు.

ఆటో వచ్చింది పన్నెండూ పదికి.
అన్నీ పరిగెత్తాయి. బూడిదీ వెళ్లింది,
ఎందుకు వెళ్లదు, చెక్క చెక్కే.
కాకపోతే నడిచి వెళ్లింది,
మూతి పక్కన సగం పరక వేలాడుతుండగా.

సోమవారం సారు ఆ కాగితం చూసి
ఆటో ఆలస్యం కదా, ఈ రోజు లెక్కలోకి రాదని
అడ్డంగా గీత కొట్టాడు. ఆయన తప్పేం లేదు.

మెజెస్టిక్ బస్సులో సాక్సు విప్పి
పందిముల్లు గడ్డి గింజలు పీకుతున్నాను.
ఈటెల్లాంటివి, తోకలున్నవి.
చెమట తగిలితే చాలు, మెల్లగా మెలి తిరుగుతాయి,
నా మడమని
నేల అనుకుని.