ఎడమవైపు గుర్రం

థెల్మా ఓస్ట్రమ్ మంగళవారం పొద్దున్నే వచ్చింది,
అప్పటికి నేను షట్టరు సగమే ఎత్తాను.
బయట వయోమింగు గాలి
ఖాళీ ఆయిలు డబ్బాని వాకిలంతా తరుముతోంది.
"ట్రక్కుకి టైర్లు కావాలి ఆర్లో,
చవకవి చాలు" అంది.

చవక అనే మాట రోజుకి పదిసార్లు వింటాను.
నోటితో జవాబివ్వను,
ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను.

వెనక టైర్లు నడిమధ్యన అరిగి నున్నబడ్డాయి.
గాడిలో పెన్నీ నిలబెడితే
బొమ్మ తల మొత్తం కనిపించింది, జుట్టుతో సహా.
ముందువి ఇంకో చలికాలం ఈడ్చుకొస్తాయేమో గానీ
కొండ దిగేటప్పుడు
వెనకున్న బరువు ముందున్నవాటి మాట వినదు.

"ఏం లాగుతున్నావిప్పుడు?"
"తెలుసుగా, రెండు గుర్రాల ట్రెయిలరు."
కాస్త ఆగి,
"ఒక గుర్రం" అంది.

నేనప్పటికే ట్రెయిలరు దగ్గరున్నాను.
ఎడమ టైర్లు భుజాల దగ్గర కొరికేసినట్టున్నాయి,
కుడివి నిరుడు చూసినట్టే ఉన్నాయి.
ఒంటి గుర్రాన్ని ఎడమవైపే ఎక్కిస్తారు ఇక్కడ.
రోడ్డుకి నడుము ఎత్తు, అంచులు పల్లం,
బరువు కుడికి పడితే బండి గోతిని వెతుక్కుంటుంది.
అంటే నికెల్ పోయింది.
మొన్నా నిన్నా కాదు.
ట్రక్కులో మాత్రం ఇంకా
రెండు గుర్రాలకి కొట్టించిన గాలే.
అందుకే నడిమధ్యన ఆ అరుగు.
ఏమీ అడగలేదు నేను.
రబ్బరు చెప్పేశాక మనిషిని ఏమడుగుతాం.

"బరువు తగ్గిందిగా, మెత్తనివి వెయ్యి,
కార్లకి వేసే రకం. చప్పుడైనా ఉండదు."
"ఎల్క్ మౌంటెన్ దాటేటప్పుడు పక్కగాలి
నీ గుర్రాలు లెక్కపెట్టుకుని వీస్తుందా?
టైరు పక్కగోడ మెత్తనైతే
వెనక తోక మొదలుపెడుతుంది.
నిండిన బండి కంటే
సగం ఖాళీ బండే ఎక్కువ ఊగుతుంది, థెల్మా."

అన్నాక నాలుక కరుచుకున్నాను.
నేను టైర్ల సంగతే అన్నాను.
ఆమె కాఫీ కప్పులోకి చాలాసేపు చూసింది,
అడుగున ఏదో ధర రాసి ఉన్నట్టు.

"పోనీ, స్టెప్నీ ఉందిగా. కొత్తది.
ఒకటి మిగిలినట్టే."

ట్రక్కు కిందికి దూరాను.
నిజమే, గాళ్ళు పదునుగా ఉన్నాయి,
అచ్చులోంచి వచ్చినప్పటి వెంట్రుకలు కూడా రాలలేదు.
అరచేత్తో బురద తుడిస్తే నాలుగంకెలు:
ముప్పై నాలుగో వారం, రెండువేల పదకొండు.
పక్కల నిండా ఎండిన పెదవి మీది పగుళ్ళు.
ఒక్క మైలూ తిరగలేదు పాపం,
వేలాడుతూనే ముసలిదైపోయింది.

"ఇదీ మార్చాలా?"
"అన్నిటికంటే ముందు ఇదే."

పది ప్లైలవి తీశాను,
పక్కన కొండ, కొండలో మంచుపువ్వు అచ్చువేసినవి,
గులకరాయిని నమిలి ఊసేసేవి.
అయిదు. పదమూడు వందల నలభై డాలర్లు.
చెక్కు మీద తేదీ తప్పు రాసింది,
కొట్టేసి మళ్ళీ రాసింది.
ట్రెయిలరువి ఎడమా కుడీ మార్చి బిగించాను,
దానికి బిల్లు వెయ్యలేదు.
"యాభై మైళ్ళు తిరిగాక రా, నట్లు బిగించాలి."
అందరికీ చెబుతాను ఈ మాట.
పదిమందిలో ఒకరు వస్తారు.

శుక్రవారం వచ్చింది.
ఎడమ కిటికీలో బిస్కెట్, కళ్ళు సగం మూసుకుని.
కుడి కిటికీలోంచి ఒక గడ్డం బయటికొచ్చి
నా టోపీ అంచు రుచి చూసింది.
"పక్క రాంచి వాళ్ళ మేక.
ఇదుంటే వాడు గోడ తన్నడం లేదు" అంది,
నా వైపు చూడకుండా.

రెంచి టక్కుమనేదాకా ఒక్కో నట్టూ బిగించాను.
"ఎంతుంటుంది బరువు?"
"మేకా? నూట ముప్పై పౌన్లు. మొండితనం కాకుండా."

ఆ మాత్రానికి అవసరం లేదు నిజానికి.
అయినా గొట్టం లాక్కొచ్చి
కుడి టైర్లలో
రెండు పౌన్ల గాలి పెంచాను.