తరుగు

ఎనుమాముల యార్డుల
ఇరవై రెండేండ్ల సంది దడువాయిని.
ముల్లు కాంటా పోయి అంకెల కాంటా అచ్చినా
అంకె నిలిచేదాకా
ఊపిరి బిగబట్టుడే నా కొలువు.
ఏ బస్తా ఎంత తూగుతదో
కంటితోనే చెప్తా.
నా బరువొక్కటే ఎన్నడూ చూసుకోలె.

నూట నాలుగు కిలోల మూడు వందలు.
హన్మకొండల నస్రీన్ మేడం దగ్గర
చెప్పులిడిచి అద్దాల మిషనెక్కిన నాడు
అలవాటుకొద్ది నోరుజారిన:
"సంచి తూకం తీసెయ్యరా మేడం?"
ఆమె నవ్వలే.
షుగరు రిపోర్టు మీద పెన్ను ఆనిచ్చి
పన్నెండు వారాల కాయితం రాసిచ్చింది.

పొద్దుగాల ఐదింటికి నడక, నలభై నిమిషాలు.
పొద్దుమీకి రెండు జొన్నరొట్టెలు.
పగటీలి అరచెయ్యంత అన్నం, గిన్నెడు ఆకుకూర.
చాయల చక్కెర బంద్.
తూకం శనివారం ఒక్కనాడే, ఊకె ఎక్కద్దు అన్నది.
ఎక్కకుంటెట్ల? దడువాయిని గదా.
మొదటి వారం దినాం మూడుసార్లు ఎక్కిన:
నీళ్లు తాగక ముందు, తాగినంక,
బనీను గూడ ఇప్పి ఇంకోసారి.

ఆజంజాహి మిల్లు ఉండే జాగల నడుస్తాన.
ఇప్పుడక్కడ ఎడల్పు రోడ్లు, కొత్త మేడలు.
నాయిన నిలబడి దారం అతికిన ఖాతా
ఏ మూలకుండెనో
అడిగితె చెప్పెటోడు లేడు.
నాయిన ఎన్నడూ యాభై కిలోలు దాటలే.
సైరను కూస్తె ఉరికిండు, కూస్తె ఇంటికచ్చిండు.
బక్కగుండుటానికి ఆయనకు
ఎవ్వలూ కాయితం రాసియ్యలే.
ఆయన ఆకలి నాకు రావద్దని
అమ్మ కొసరి కొసరి పెట్టిన ముద్దలన్ని
ఈ పొట్టల భద్రంగున్నయి.
రెండో రౌండుల ఎగపోత వస్తె
కదిలేటియి అవ్వే.

ఐదో వారం ఓడిపోయిన.
మా స్వరూప అటుక మీద దాచిన గరిజెల డబ్బ
నడిజామున కుర్చీ ఏసుకొని దించిన.
కుర్చీ కిర్రుమన్నది.
ఆమె మెలకువతోనే ఉన్నది,
నిద్రపోయినట్టు గోడ దిక్కు తిరిగింది.
నిలబడే ఏడు తిన్న.
తెల్లారి మిషను
ఆరువందల గ్రాములు వాపసిచ్చింది,
మిత్తితోని.
ఆ పొద్దు రొట్టెలు చేసుకుంట ఆమె అన్నదొక్కటే:
"డబ్బ మూత సరిగ పెట్టలే నువ్వు."

తొమ్మిదో వారం.
మిర్చి ఘాటుకు యార్డంత దగ్గుతాంది.
నెక్కొండ దిక్కునుంచి బానోతు ఈర్యా
ముప్పై ఒక్క బస్తాలు దించిండు.
సేటు నా దిక్కు చూసిండు,
ఆ చూపుకు నాకు తర్జుమా అక్కర్లే.
తేమ ఉన్నదనుకుంట
బస్తాకు కిలో తరుగు రాసిన,
ఎప్పటిలెక్కనే.
ఈర్యా కొట్లాడలే.
నా వదులైన అంగి చూసి,
బెల్టుకు కొత్తగ పొడిచిన బెజ్జం చూసి,
"గింత గుంజుకపోయినవేందే కొమురెల్లన్నా,
పానం బాగలేదా?" అని అడిగిండు.

బాగయ్యేటందుకే గుంజుకపోతాన
అని ఆయనతోని అనబుద్ధి గాలే.
తొమ్మిది వారాలు చెమట కారిస్తె
నాకు తరిగింది ఎనిమిదిన్నర కిలోలు.
పెన్ను ఒక్కపారి కదిలితె
ఆయనకు తరిగింది ముప్పై ఒకటి.
నా తరుగు ఏడికి పోయిందో నాకెరుకే,
గాలిల, చెమటల, మూత్రంల.
ఆయనది ఎవలింట్ల పెరుగుతాందో
అది గూడ ఎరుకే.
ఆ రాత్రి రెండు రొట్టెలల్ల
ఒకటి మిగిలింది.

పన్నెండో శనివారం
తొంభై మూడు కిలోల నాలుగు వందలు.
మేడం అప్పుడు నవ్వింది, చెయ్యి కలిపింది,
నా పాత ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టి చూపిచ్చింది.
గదువ కిందికెల్లి
నాయిన ముఖం తేలుతాంది కొద్దికొద్దిగ.

సోమవారం, మళ్ల యార్డు.
ఎవలో పేరు తెల్వని పిలగాడు,
మొదటి పంట కావచ్చు,
కాంటా పక్కన ఒంటికాలు మీద నిలబడ్డడు.
చిట్టీ బుక్కు తీసిన.
తరుగు గడి కాడ పెన్ను ఆపిన.
సేటు చూస్తాండు.
కాంటా మీద అంకె
ఇంకా నిలవలే.