తిన్న తర్వాత

వ్యాసర్పాడి ఆరోగ్య కేంద్రంలో
మందుల కిటికీ వెనక పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను.
కిటికీకి చెయ్యి పట్టేంత కంత.
ముఖాలకంటే ముందు చేతులే తెలుస్తాయి నాకు:
ఏ చేతికి చీపురు కాయ, ఏ చేతికి సోడా మంట,
ఏ చేతికి గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయో.

చదువు రానివాళ్ల కవర్ల మీద బొమ్మలేస్తాను.
సూర్యుడంటే పొద్దున, నెలవంకంటే రాత్రి.
ఆపైన నోటితో
అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి:
తిన్న తర్వాత.
రోజుకి మూడొందల సార్లు అంటానేమో.
నిద్రలో కూడా అంటానని మా ఆవిడ నవ్వుతుంది.

పెంచలమ్మ కార్పొరేషన్ కాంట్రాక్టులో వీధులూడుస్తుంది.
షుగరు, నాలుగేళ్లుగా.
ఆ సోమవారం డాక్టరమ్మ ఫైల్లో ఎర్రసిరాతో రాసి పంపింది,
మందులు సరిగా వాడటం లేదు,
గట్టిగా చెప్పండి, అని.

గట్టిగానే చెప్పాను.
చెబుతుంటే ఆమె కొంగుముడి విప్పింది.
పోయిన నెల నేనిచ్చిన కవరే.
చెమటకి సూర్యుడు అలికిపోయి నెలవంక మిగిలింది.
బల్ల మీద బోర్లించింది.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
ఇచ్చింది అరవై. మిగిలింది ఇరవై మూడు.

ఎందుకు వేసుకోలేదమ్మా అంటే
పాఠం అప్పజెప్పే పిల్లలా చూసింది.
"తిన్నాకనే గదా నాయనా ఏసుకోమన్నావు?
తిన్న పూటల్లా ఏసుకున్నా. ఒక్కటి తప్పలా.
ఒకసారి వట్టి కడుపున ఏసుకుంటే
రోడ్డు గిర్రున తిరిగింది,
చీపురు పట్టుకోని కూలబడ్డా."

ఇరవై మూడు తెల్లటి బిళ్లలు.
ఒక్కో బిళ్లా ఒక్కో వండని పూట.
జీతం ఆలస్యమైన నెలాఖరువి ఎనిమిది.
మనవరాలికి జొరమొచ్చి ఉన్న గంజి దానికే సరిపోయినవి మూడు.
వానకి ఇంట్లోకి కాలవ నీళ్లొచ్చి పొయ్యి తడిసినవి నాలుగు.
మిగతా ఎనిమిదీ ఉత్తవే, ఆమెకి గుర్తు లేదు.
పస్తుకి ప్రతిసారీ కారణం ఏం గుర్తుంటుంది.

రూపాయి ఇడ్లీ ఉందిగా అన్నాను.
"ఉండాది. నా పని దిగేసరికి గంగాళాలు కడుగుతుంటారు."
మరి రేషన్ బియ్యం?
"కార్డు ఉదయగిరిలో ఉండాది నాయనా,
కడుపు ఈడ ఉండాది."
అని నవ్వింది. పళ్ల సందుల్లో వక్క ఎరుపు.
ఆకలిని ఏమార్చడానికి అన్నిటికంటే వక్కే చవకని
నాకు తర్వాత తెలిసింది.

ఈ ఊళ్లో పలకరింపే అది గదా,
సాప్టియా? బస్సులో, ఫోన్లో, తగువు మధ్యలో కూడా.
మా అమ్మయితే చావింట్లో కూడా
ఏమన్నా తిన్నారా అనే మొదలుపెట్టేది.
మా దగ్గర బరువు చూసే మెషీన్ ఉంది,
బీపీ పట్టీ ఉంది, వేలికొస గుచ్చే సూది ఉంది,
అరవై గళ్ల ఫారం ఉంది.
ఆ ఒక్క మాటకి గడి లేదు.
ఫారాన్ననేదేముంది,
పదకొండేళ్లుగా నేనే
వాక్యాన్ని సగం నుంచి మొదలుపెడుతున్నాను.

ఫైలు తిరిగి డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్లాను.
బిళ్లల సంగతి విని
పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.
ఎర్ర వాక్యం కొట్టేసింది.
దాని చోట ఏం రాయాలో ఆమెకీ తోచలేదు.
ఆ ఖాళీ ఇప్పటికీ ఫైల్లో అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం నా క్యారియర్‌లో
మూడో గిన్నె తెరవలేకపోయాను.
గొప్పేం కాదు, మర్నాడు తెరిచాను.
మామిడికాయ పప్పు.

పై నెల పెంచలమ్మ మళ్లీ వచ్చింది.
కొత్త కవరు మీద సూర్యుణ్ణి వేశాను, నెలవంకని వేశాను.
ఏమనిపించిందో, రెండిటి మధ్యా
ఒక కంచం గీశాను, గుండ్రంగా, అంచుతో సహా.
ఆమె కవరుని కంటికి దగ్గరగా పట్టుకుంది.
అటు తిప్పి, ఇటు తిప్పి,
"ఈ పెద్ద బిళ్ల ఏ కిటికీలో ఇస్తారు నాయనా?"

వెనక వరసలో ఎవరో దగ్గారు.
నలభై ఏడు, అన్నాను.
కంతలోంచి ఇంకో చెయ్యి లోపలికి వచ్చింది.