ఆమోదం పొందని మినిట్స్

స్థలం: కాల్డర్‌బ్రిగ్ వార్డు లైబ్రరీ, వెనక గది.
లైబ్రరీ మూతబడి రెండేళ్ళు.
తాళంచెవి ఇంకా మెర్విన్ జేబులోనే ఉంది.
హాజరు: పదకొండుమంది,
వెలిగించని పైపు నోట్లో పెట్టుకున్న హెడ్లీతో కలిపి.
హీటరులో ఒక్క కడ్డీయే ఎర్రబడుతోంది.
మన పార్టీలో ఎరుపు మిగిలింది అక్కడేనని ఎవరో అన్నారు.
నవ్వారు.
నవ్వినట్టు రాయొద్దన్నారు.
రాశాను.

మొదటి అంశం, బస్సు డిపో సమ్మె. నలభై ఒకటో రోజు.
టీవీవాళ్ళు వచ్చారు.
మన సొమ్ముతో నడిచే టీవీ,
లైసెన్సు రుసుం ఒక నెల ఆలస్యమైతే
గుమ్మంలోకి ఎర్రక్షరాల ఉత్తరం పంపే టీవీ.
విన్నీ ఆస్‌క్యూ గేటు దగ్గర ఆరు నిమిషాలు మాట్లాడింది:
మూత్రానికి కూడా ఆగనివ్వని టైంటేబుల్ గురించి,
పదమూడు గంటల షిఫ్టు చివర
స్టీరింగ్ మీద వాలిపోయిన కాలమ్ గురించి.
రాత్రి వార్తల్లో ఆమె నాలుగు సెకన్లుంది.
ఆ నాలుగు సెకన్లూ దగ్గుతోంది.
తర్వాత బస్సు రాక వానలో తడిసిన ఒక పిల్ల.
తర్వాత పుస్తకాల బీరువా ముందు కంపెనీ డైరెక్టరు.
తర్వాత ఒక స్వతంత్ర నిపుణుడు.
ఆయన సంస్థకి జీతాలిచ్చేది ఆ కంపెనీయేనని
తెరమీద రాయడానికి చోటు లేకపోయింది.
రేపటి వానకి మాత్రం చోటుంది.

ఫిర్యాదు రాశాను. జవాబొచ్చింది:
"అటువైపు నుంచీ తిడుతున్నారు, ఇటువైపు నుంచీ తిడుతున్నారు,
అంటే మేం సరిగ్గా మధ్యలో ఉన్నట్టే."

మా తాత బొగ్గుగని దగ్గర తూకం చూసేవాడు.
యజమాని మనిషి కాదు,
కూలీలు తమ కూలిలోంచి పెన్నీలు తీసి పెట్టుకున్న మనిషి.
ముల్లు మధ్యలో నిలిచిందని ఆయనెప్పుడూ సంతోషించలేదు.
వంగి, పళ్ళెం అడుగున వేలు పోనిచ్చి తడిమేవాడు.
"ముల్లుదేముందిరా,
సీసం ముద్ద ఎక్కడ అంటించారో చూడు."

రెండో అంశం, లండన్ నుంచి ఉత్తరం.
సమ్మెకి మద్దతుగా మనం చేసిన తీర్మానం
"చర్చార్హం కాదు."
అభ్యర్థిని మనం ఎన్నుకోనక్కర్లేదు, పంపేశారు.
కుర్రాడు మంచివాడే,
స్టేషన్లో దిగి ఊరి పేరు రెండుసార్లు తప్పు పలికాడు.
విన్నీకి విడిగా ఒక కవరు.
నలభై ఆరేళ్ళు వానలో గుమ్మం గుమ్మం తిరిగి
ఈ పార్టీకి ఓటడిగిన మనిషికి
"ప్రియమైన మాజీ సభ్యుడా" అని మొదలుపెట్టారు.
నేరం: గేటు దగ్గర పార్టీ బ్యాడ్జీతో నిలబడటం.
విచారించేవాళ్ళు ఎవరంటే, ఫిర్యాదు చేసినవాళ్ళే.
అప్పీలు ఎవరికంటే, వాళ్ళకే.

అవతలి పార్టీ మనల్ని ద్వేషిస్తుంది, అది దాని ఉద్యోగం.
మన నాయకులకి మనమంటే సిగ్గు.
కొత్త కోటు వేసుకున్నవాడు
బజార్లో పాత చుట్టం ఎదురైతే
షాపు అద్దంలోకి చూస్తాడే, అలా.
ఇది హెడ్లీ అన్నాడు. పైపు తీసి మరీ అన్నాడు.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి.
పోయిన ఏప్రిల్లో, మన కౌన్సిలర్లే
డిపోని ప్రైవేటుకి అప్పగించడానికి చెయ్యెత్తిన రోజు,
విన్నీ లేచి ఇరవై నిమిషాలు అడ్డుపడింది.
నేను రాసింది ఒక్క వాక్యం:
"కొంత చర్చ అనంతరం ఆమోదించారు."
ఎవరూ చెప్పలేదు నాకు.
పేజీ శుభ్రంగా ఉంటుందనుకున్నాను.
ఈ రాత్రి పళ్ళెం కింద వేలు పెడితే
తగిలింది నా వేలే.

ఆ పేజీ తెరిచి విన్నీని అడిగాను,
ఆ రోజేమన్నావో మళ్ళీ చెప్పమని.
"గుర్తులేదు పో," అంది, దగ్గుతూ.
కాసేపాగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదలుపెట్టింది.
మార్జిన్ సరిపోలేదు.
గ్యాసు బిల్లు వెనక్కి తిప్పి రాశాను,
జిగురుతో అంటించాను.

మెర్విన్ హీటరు ఆపబోతే
ఆగమన్నాం.
ఆమె ఇంకా చెబుతోంది.